ప్రార్థనామందిరం నుండి ప్రేమగీతానికి

1957వ సంవత్సరం నవంబరు 3వ తేదీ, ఆదివారం రాత్రి. అమెరికాలో లక్షలాది కుటుంబాలవారు టెలివిజన్ ముందు కూర్చుండి ఎడ్ సల్లివన్ నిర్వహించే వినోద కార్యక్రమాన్ని చూస్తున్నారు. కార్యక్రమం చివరి ఘట్టానికి వచ్చినది. ఇరువదియారేండ్ల నల్లజాతి యువకుడొకడు తెర మీదికి వచ్చి ఒక ప్రేమగీతం ఎత్తుకున్నాడు. పాట ఇంకా ఊపు అందుకొననే లేదు, కేటాయించిన కాలం ముగిసినది. పాట నడుమనే ప్రసారం ఆగిపోయినది.

గడియారపు ముల్లుకు దయాదాక్షిణ్యాలు ఉండవని రేడియో వినేవారికి మేము వేరుగా చెప్పనక్కరలేదు. పాటకచేరీలో మంగళం పూర్తికాకముందే వార్తల వేళ అయినదని ఆపివేయటం మన శ్రోతలకు అనుభవంలోని విషయమే. కాని ఆ రాత్రి అమెరికాలో అది చిన్న విషయంగా పోలేదు. ఎందరో ప్రేక్షకులు, ముఖ్యంగా నల్లజాతివారు, తమ పిల్లవానికి అవమానం జరిగినదని భావించి ఆ సంస్థకు నిరసన తెలిపినారు. సల్లివన్ మరి నాలుగు వారాలకే, డిసెంబరు 1వ తేదీన, ఆ యువకుని మరల పిలిపించి పాటను పూర్తిగా పాడించినాడు. అప్పటికి ఆ పాట దేశమంతటా మారుమ్రోగుతున్నది.

ఆ యువకుని పేరు సామ్ కుక్. పాట పేరు 'యూ సెండ్ మీ'. మాటకు మాటగా తెలుగు చేస్తే 'నీవు నన్ను పంపుతావు' అని వస్తుంది గాని, అందులో అర్థమేమీ కనబడదు. ఒక పాటగాని, ఒక మనిషిగాని మనలను మైమరపించి మరొక లోకానికి చేర్చినప్పుడు అమెరికాలోని జాజ్ వాద్యకారులు ఆ క్రియాపదాన్ని వాడేవారు. 'నిన్ను చూచి నన్ను నేను మరచిపోతాను' అన్నామంటే దాని భావానికి కొంత దగ్గరకు వస్తాము.

నిజం చెప్పవలెనంటే, ఈ పాట సాహిత్యం కాగితం మీద నిలువదు. మొదట ఇదేదో చిన్ననాటి మోజు అనుకున్నాను, రోజులు గడచినా తగ్గలేదు, ఇక నిన్నే వివాహమాడవలెనని ఉన్నది — ఇంతే కథ. ఉన్న నాలుగు మాటలే మరల మరల వస్తాయి. రికార్డు మీద మూడు నిమిషాలైనా ఉండదు. ఇంత పలుచని పాటను గూర్చి చరిత్ర వ్రాయటమేమని పాఠకులు అడుగవచ్చును. ఆ పలుచదనమే ఆ గాయకునికి చోటిచ్చినదని మా అభిప్రాయం. మన విద్వాంసుడు ఒక్క పల్లవి పంక్తిని పట్టుకొని నెరవు చేసేటప్పుడు మాటల సంఖ్య ఎవరు లెక్కపెడతారు? సామ్ కుక్ ఆ నాలుగు మాటల నడుమ ఒక అక్షరాన్ని పట్టి, దానిని మెలికలు త్రిప్పి, పైకి తేల్చి, మెల్లగా దించి విడిచిపెట్టినాడు. ఆ మెలిక అతనికి ఎక్కడనుండి వచ్చినది, దానిని ప్రేమగీతంలో పెట్టినందుకు అతడు ఏమి పణం ఒడ్డినాడు అన్నదే ఈ వ్యాసానికి విషయం.

సామ్ 1931 జనవరి 22న మిసిసిపీ రాష్ట్రంలోని క్లార్క్స్‌డేల్ అనే పట్టణంలో జన్మించినాడు. తండ్రి చార్లెస్ కుక్ క్రైస్తవ బోధకుడు. దక్షిణ రాష్ట్రాల ప్రత్తిచేల పేదరికాన్ని, జాతివివక్షను విడిచి లక్షలాది నల్లజాతి కుటుంబాలు ఉత్తరాది నగరాలకు తరలిపోతున్న కాలమది. కుక్ కుటుంబం 1933లో చికాగో చేరినది. ఎనమండుగురు పిల్లలలో సామ్ ఒకడు. తోబుట్టువులతో కలిసి తండ్రి ప్రసంగించే చోట్ల పసితనంలోనే పాడినాడు. తరువాత 'హైవే క్యూసీస్' అనే కుర్రవాళ్ళ బృందంలో చేరి గొంతుకు పదును పెట్టుకున్నాడు.

నల్లజాతివారి ప్రార్థనామందిరాలలో పాడే గాస్పెల్ సంగీతాన్ని వినని వారికి దాని తీరు కొంచెం వివరించవలెను. నలుగురైదుగురు గాయకులు, చాలాకాలం వరకు వాద్యం పేరిట ఏమీ లేదు. ఒకడు ముందు పాడుతాడు, తక్కినవారు అందుకుంటారు. మన భజనగోష్ఠిలో వలెనే పాట సాగినకొద్దీ వేగం పెరుగుతుంది. శ్రోతలు చప్పట్లు చరుస్తారు, లేచి నిలుస్తారు, కన్నీరు కారుస్తారు, ఒక్కొక్కరు స్పృహ తప్పుతారు కూడా. 'సోల్ స్టిరర్స్' అనే బృందానికి ఈ రంగంలో గొప్ప పేరు. ఆ పేరుకు అర్థమే ఆత్మలను కదలించేవారు అని. వారి ప్రధాన గాయకుడు ఆర్. హెచ్. హారిస్ 1950 చివరలో వైదొలగగా, ఆ స్థానంలో పందొమ్మిదేండ్ల సామ్‌ను తీసుకున్నారు. పెద్ద విద్వాంసుడు లేచిపోయిన పీఠం మీద పసివాడు కూర్చున్నట్లయినది.

హారిస్ గొంతు అందుకునే తారస్థాయిని సామ్ మొదట గ్రుడ్డిగా అనుకరించబోయి ఇబ్బంది పడినాడు. ఒకనాడు అందని స్వరాన్ని అందుకొనబోయి, అందక, దాని క్రిందనుండి మెలిక త్రిప్పి తప్పించుకున్నాడనీ, ఆ తప్పించుకొనటమే అతని ముద్ర అయినదనీ సహగాయకుడు క్రెయిన్ తరువాతి కాలంలో చెప్పినాడు. లోపాన్ని కప్పుకొనబోయి శైలిని కనిపెట్టినవారు మన సంగీతంలోనూ లేకపోలేదు. 1951 మార్చిలో 'జీసస్ గేవ్ మీ వాటర్' రికార్డుతో అతని పేరు గాస్పెల్ లోకంలో వ్యాపించినది. బావి వద్ద యేసు సమరయ స్త్రీతో సంభాషించిన కథ అది. 1956లో వచ్చిన 'టచ్ ది హెమ్ ఆఫ్ హిజ్ గార్మెంట్' అనే కీర్తనను రికార్డింగుకు పోతూ కారులో బైబిలు తెరచి అప్పటికప్పుడు కూర్చినాడని చెబుతారు. రూపవంతుడు, మృదుభాషి. గాస్పెల్ సభలకు ముసలివారే వస్తారన్న మాట పోయి, ముందు వరుసలు యువతులతో నిండసాగినవి. అతనికి కావలసినదంతా చేతిలో ఉన్నదనే అందరూ అనుకున్నారు.

కాని ఆ లోకానికి ఒక ఎత్తైన గోడ ఉన్నది. దాని సంగతి మనకు వెంటనే బోధపడదు. క్షేత్రయ్య పదాలలో మువ్వగోపాలుడు దేవుడూ అతడే, నాయకుడూ అతడే. అన్నమాచార్యుల శృంగార సంకీర్తనలు ఏడుకొండలవాని సన్నిధిలోనే పుట్టినవి. ఒకే పాటను పూజలోనూ, అభినయంలోనూ వినటం మనకు వింత కాదు. నల్లజాతి ప్రొటెస్టెంటు సంఘాలలో అట్లా కాదు. దేవునికి పాడిన గొంతుతో స్త్రీని గూర్చి పాడటం ద్రోహమని అనేకులు దృఢంగా నమ్మినారు. బ్లూస్ పాటలను సైతాను పాటలన్నారు. 1954 చివరలో రే చార్లెస్ అనే అంధగాయకుడు ఒక గాస్పెల్ పాట పోకడలో 'ఐ గాట్ ఎ ఉమన్' అనే పాటను కూర్చి పేరు తెచ్చుకున్నప్పుడు ఎందరో బోధకులు మండిపడినారు. అయితే రే చార్లెస్ గాస్పెల్ బృందంలో పేరుమోసినవాడు కాదు. గోడ వెలుపలనుండి లోపలి పూవును కోసుకున్నాడు. సామ్ కుక్ గోడ లోపలివాడు, అందులో అగ్రగాయకుడు. దాటినాడంటే తిరిగి రావటానికి దారి ఉండదు.

ఈ భయం చేతనే మొదటి అడుగు మారుపేరుతో వేసినాడు. 1956 డిసెంబరులో న్యూ ఆర్లియన్స్ నగరంలో 'లవబుల్' అనే పాటను రికార్డు చేసినాడు. సోల్ స్టిరర్స్ పాడిన 'వండర్‌ఫుల్' అనే కీర్తనకు అది మారురూపం. దేవుని పేరు ఉన్నచోట ప్రేయసిని ఉంచినాడు, అంతే. 1957 ఆరంభంలో రికార్డు వెలువడినప్పుడు దాని మీద గాయకుని పేరు డేల్ కుక్ అని ఉన్నది. ఎవరిని మోసగించగలరు? ఆ గొంతు విన్నవారందరికీ తెలిసిపోయినది. పేరు దాచవచ్చును గాని గొంతును దాచలేరు. రికార్డు పెద్దగా అమ్ముడుపోలేదు, అపవాదు మాత్రం వచ్చిపడినది. అతని తండ్రి ఈ విషయంలో కోపగించలేదనీ, కంఠం దేవుడిచ్చినదే, దానితో మనుష్యులను సంతోషపెట్టటం తప్పు కాదన్నాడనీ కుటుంబంవారు చెప్పుకున్నారు. కన్నతండ్రి బోధకుడై ఉండి కూడా అంత మాట అనటం ఆ రోజులలో సామాన్యం కాదు.

ఆ తరువాతి ఘట్టం కాలిఫోర్నియాలో. సోల్ స్టిరర్స్ రికార్డులను అమ్ముతున్న సంస్థ లాస్ ఏంజెలెస్‌లోని స్పెషాల్టీ, దాని యజమాని ఆర్ట్ రూప్. అతని వద్ద రాబర్ట్ బ్లాక్‌వెల్ అనే నల్లజాతి సంగీత నిర్వాహకుడు పనిచేస్తున్నాడు. అందరూ అతనిని 'బంప్స్' అని పిలిచేవారు. అంతకు రెండేండ్ల క్రిందట లిటిల్ రిచర్డ్ చేత 'టూటీ ఫ్రూటీ' పాడించినవాడితడే. 1957 జూన్ 1న హాలీవుడ్‌లోని రేడియో రికార్డర్స్ స్టూడియోలో సామ్ చేత కొన్ని పాటలు పాడించినారు. గిటారు వాద్యకారుడు రెనే హాల్ వాద్యగోష్ఠిని కూర్చినాడు. వెనుక మెల్లగా అందుకొని పాడటానికి లీ గాచ్ అనే ఆయన బృందాన్ని పిలిపించినారు. వారు శ్వేతజాతి గాయకులు. పాటలలో గెర్‌ష్విన్ కూర్చిన 'సమర్‌టైమ్' ఒకటి, 'యూ సెండ్ మీ' మరొకటి.

రూప్ స్టూడియోలోనికి వచ్చి చూచి ఉగ్రుడైనాడు. అతనికి కావలసినది లిటిల్ రిచర్డ్ వలె గోల చేసే పాట. తన గాయకుని వెనుక తెల్లవారి మెత్తని కోరస్ ఏమిటి? కొనేదెవరు? ఉన్న గాస్పెల్ అభిమానులు పోతారు, క్రొత్తవారు రారు. రూప్‌ను మూర్ఖుడనటం సులభమే గాని మేము అనము. వ్యాపారి లెక్క ప్రకారం అతని మాట సరి అయినదే. అతనికి తన బజారు బాగా తెలుసు. తెలియనిదల్లా ఆ బజారు మారుతున్నదన్న సంగతి. మాటామాటా పెరిగినది. చివరకు బ్లాక్‌వెల్ తనకు రావలసిన రాయల్టీలను వదలుకొని, వానికి బదులుగా సామ్ ఒప్పందాన్ని, ఆనాటి రికార్డింగులను పుచ్చుకొని బయటికి నడచినాడు. లిటిల్ రిచర్డ్ పాటల మీద నిలకడగా వచ్చే ఆదాయాన్ని విడిచి ఒక సందేహాస్పదమైన ప్రేమగీతాన్ని చేతబట్టుకొని పోయినవానిని ఆ రోజు ఎవరైనా వెర్రివాడనే అనుకొని ఉంటారు.

ఆ రికార్డింగులు అప్పుడే పుట్టుతున్న కీన్ అనే చిన్న సంస్థకు చేరినవి. జాన్ సియామస్ అనే వ్యాపారి పెట్టుబడి పెట్టగా, బాబ్ కీన్ అనే వాద్యకారుడు పాటల సంగతి చూచుకున్నాడు. 1957 సెప్టెంబరులో రికార్డు వెలువడినది. ఈసారి మారుపేరు లేదు, సామ్ కుక్ అనే ఉన్నది. ఇంటిపేరు చివర ఇంగ్లీషులో ఒక అక్షరం మాత్రం చేర్చుకున్నాడు, పలుకుబడిలో భేదమేమీ లేదు. ముఖ్యమైన పాటగా సంస్థవారు ముందు ప్రక్కన పెట్టినది 'సమర్‌టైమ్'. 'యూ సెండ్ మీ' వెనుక ప్రక్కన ఉన్నది. రేడియోలో రికార్డులు వినిపించే డిస్క్ జాకీలు ప్లేటును త్రిప్పి వెనుక ప్రక్క వేసినారు. శ్రోతలు అదే కావాలన్నారు. తన పాటలలో ఏది గొప్పదో కర్తకు గాని, వర్తకునికి గాని ముందుగా తెలియదన్న మాటకు ఇంతకంటె మంచి దృష్టాంతం మాకు కనబడదు.

ఇక్కడ పాటల పట్టికలను గూర్చి నాలుగు మాటలు చెప్పవలెను. రేడియో సిలోన్‌లో 1952లో మొదలైన బినాకా గీత్‌మాలా వలన పాటలకు వారంవారం వరుససంఖ్యలు ఇచ్చే ఆచారం మన ఇండ్లలో పరిచితమైనదే. ఏ పాట ఏ మెట్టు ఎక్కినదో తెలుసుకొనటానికి బుధవారం రాత్రి భోజనాలను వాయిదా వేసిన కుటుంబాలను మేమెరుగుదుము. అమెరికాలో ఆ పని 'బిల్‌బోర్డ్' అనే వర్తక వారపత్రిక చేసేది. అంగళ్ళలో అమ్మకాలనుబట్టి ఒక పట్టిక, రేడియోలో వినిపించినదానినిబట్టి మరొకటి. అన్నింటిని కలిపిన వందపాటల పట్టిక 1955 నవంబరులో మొదలైనది.

ఈ పట్టికలన్నీ తెల్లవారి బజారును ఉద్దేశించినవి. నల్లజాతివారి బజారుకు వేరొక పట్టిక ఉండేది. దానికి 1949 వరకు పెట్టిన పేరు 'రేస్ రికార్డ్స్', అనగా జాతి రికార్డులు. ఆ పేరు చెవికి రోతగా ఉన్నదని గ్రహించి 1949 జూన్‌లో 'రిథమ్ అండ్ బ్లూస్' అని మార్చినారు. పేరు మారినదే గాని వేరు పంక్తి వేరు పంక్తిగానే ఉన్నది. బడిలో, రైలులో, హోటలులో ఉన్న గోడయే పాటల లెక్కలోనూ ఉన్నదన్నమాట.

ఆ గోడ మీదుగా పాటను దొంగిలించే పద్ధతి కూడా ఒకటి ఉండేది. దొంగిలించటమనే మాట చట్టరీత్యా సరికాదని మాకు తెలుసు, న్యాయరీత్యా వాడుతున్నాము. నల్లజాతి గాయకుని పాట ఒకటి బాగా పోతున్నదని తెలియగానే, పెద్ద సంస్థ ఒకటి తెల్లజాతి గాయకుని చేత అదే పాటను పాడించి విడుదల చేసేది. రచనాహక్కు గల వారికి కొంత పైకం ముట్టేది గాని, మొదట పాడినవానికి ఏమీ దక్కేది కాదు. తెల్లవారి రేడియో కేంద్రాలు ఆ రెండవ రికార్డునే వినిపించేవి. లిటిల్ రిచర్డ్ 'టూటీ ఫ్రూటీ' ఆ పట్టికలో 17వ స్థానం వద్ద ఆగిపోగా, పాట్ బూన్ అనే తెల్ల యువకుడు దానినే మర్యాదగా పాడి 12వ స్థానానికి చేరినాడు. బ్లాక్‌వెల్ కండ్ల ఎదుటనే జరిగిన సంగతి అది.

'యూ సెండ్ మీ'కి కూడా అదే గతి పట్టవలసినది. టెరీసా బ్రూవర్ అనే ప్రసిద్ధ శ్వేత గాయని వెంటనే ఆ పాటను పాడినది. ఆమె రికార్డు 8వ స్థానం వరకు పోయినది, సామాన్యమైన విజయం కాదు. కాని సామ్ రికార్డు ఆమెను దాటిపోయి, ఎల్విస్ ప్రెస్లీ 'జైల్‌హౌస్ రాక్'ను కూడా దించి, డిసెంబరు ఆరంభంలో అమ్మకాల పట్టికలో 1వ స్థానానికి చేరినది. రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో ఆరు వారాలు శిఖరాన నిలిచినది. పదిలక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయినవి. రెండు అంగళ్ళలోనూ ఒకే గొంతు, ఒకే రికార్డు. నకలును మూలం ఓడించినది.

ఇట్లా జరగటానికి కారణాలేమి? పాట మెత్తదనం ఒకటి. రూప్ కోపగించిన ఆ తెల్ల కోరస్, తెల్లవారి ఇండ్ల గుమ్మంలో అపరిచితమనిపించలేదు. అయితే కోరస్ వలననే అయి ఉంటే బ్రూవర్ రికార్డు చాలును. అసలు రహస్యం సామ్ తన గాస్పెల్ గమకాన్ని ఏమాత్రం మార్చకుండా, మెల్లగా మాత్రం పలికించటంలో ఉన్నదని మేము తలుస్తాము. సభలో వేలమందిని లేవదీసే మెలికను ఒక్కరి చెవిలో చెప్పుతున్నట్లు పలికినాడు. దానిని చూచి వ్రాసుకొనటానికి స్వరలిపి చాలదు. బ్రూవర్ మంచి గాయనియే, అయినా సొగసు చేతికి చిక్కలేదు.

రెండవ కారణం రేడియో. టెన్నెసీ రాష్ట్రంలోని మెంఫిస్ నగరంలో డబ్ల్యూడీఐఏ అనే కేంద్రం 1948లో నల్లజాతి శ్రోతలకై కార్యక్రమాలు మొదలుపెట్టి, మరుసటి ఏడు పూర్తిగా వారికే అంకితమైనది. అదే రాష్ట్రంలో నాష్‌విల్ నగరపు డబ్ల్యూఎల్ఏసీ 50,000 వాట్ల శక్తితో రాత్రివేళ దక్షిణాది అంతటా వినబడేది. అక్కడ తెల్లజాతి అనౌన్సర్లు నల్లజాతి రికార్డులు వేసేవారు. వారి ప్రకటనలలో తపాలాలో పంపే కోడిపిల్లలు ఉండేవి, తలనూనెలు ఉండేవి. హోటలులో వేరుగా కూర్చోవలసినవారు ఆ రాత్రులలో తెలియకుండానే ఒకే పాట వినేవారు. తెల్లవారి పిల్లలు దిండు క్రింద చిన్న రేడియో పెట్టుకొని తల్లిదండ్రులకు వినబడకుండా వింటున్నారని ఆ కాలంలో పెద్దలు వాపోయినారు. డిస్క్ జాకీలందరూ సంగీతప్రియులేనని చెప్పబోము. డబ్బు తీసుకొని రికార్డులు వేస్తున్నారన్న ఆరోపణ మీద 1959–60లలో అమెరికా కాంగ్రెసు విచారణయే జరిపినది. అయినప్పటికీ లంచంతో ఒక పాటను వినిపించవచ్చును గాని కొనిపించలేరు.

కాలాన్ని కూడా చూడవలెను. ఈ రికార్డు విడుదలైన సెప్టెంబరులోనే ఆర్కాన్సా రాష్ట్రంలోని లిటిల్ రాక్ నగరంలో తొమ్మిదిమంది నల్లజాతి విద్యార్థులను ఉన్నత పాఠశాలలోనికి రానీయకుండా గుంపులు అడ్డగించినవి. 24వ తేదీన అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సైన్యాన్ని పంపవలసి వచ్చినది. సామ్ పుట్టిన ఊరికి ఆ రాష్ట్రం మిసిసిపీ నది అవతలి ఒడ్డే. బడిగుమ్మంలో తుపాకుల నడుమ పిల్లలు నడచిన వారాలలోనే, నల్లజాతి యువకుని ప్రేమగీతం తెల్లవారి ఇండ్లలో మ్రోగినది. ఆ పాట బడి తలుపు తెరిచినదని చెప్పితే అతిశయోక్తి అవుతుంది. రెండూ ఒకే శరత్కాలంలో జరిగినవనటం మాత్రం చరిత్ర. మన దేశంలో 1957 అక్టోబరు 3న వివిధభారతి ప్రారంభమై ఆకాశవాణి తన తలుపులను సినిమా పాటకు తిరిగి తెరిచినదీ ఆ నెలలలోనే.

విజయం వచ్చిన వెంటనే తగవులు వచ్చినవి. పాటను కూర్చినది సామ్ స్వయంగానే. అయినా రికార్డు మీద కర్తగా తమ్ముడు ఎల్. సి. పేరు వేయించినాడు. తన పేరు వేస్తే పాత ఒప్పందం ప్రకారం ప్రచురణహక్కు రూప్‌కు పోతుంది. రూప్ ఊరుకోక వ్యాజ్యానికి దిగినాడు. అంతేగాక తన పెట్టెలో మిగిలిన సామ్ పాటను ఒకదానిని బయటికి తీసి, దానికి క్రొత్తగా కోరస్ అతికించి, 'ఐల్ కమ్ రన్నింగ్ బ్యాక్ టు యూ' అనే పేరుతో విడుదల చేసినాడు. స్టూడియోలో ఏ కోరస్‌ను చూచి మండిపడినాడో ఆ అలంకారమే ఇప్పుడతనికి ముద్దు వచ్చినది. ఆ రికార్డూ బాగా అమ్ముడుపోయి రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో అగ్రస్థానానికి చేరినది. కీన్ సంస్థతో సైతం సామ్ రాబడి విషయంలో తగవుపడి 1960లో ఆర్‌సీఏకు మారినాడు. గొంతు తనదే అయినా పాట ఎవరిదన్న ప్రశ్న అతనిని విడువలేదు. దానికి అతడు ఆలోచించిన సమాధానం, పాత గాస్పెల్ మిత్రుడు జె. డబ్ల్యూ. అలెగ్జాండర్‌తో కలిసి సొంత ప్రచురణసంస్థను, ఎస్‌ఏఆర్ అనే రికార్డు సంస్థను నడపటం. ఆ కాలంలో నల్లజాతి గాయకుడు తన పాటకు తానే యజమాని కావటం చాలా అరుదు.

ఆ సంస్థకు మొదట పాడినవారిలో సోల్ స్టిరర్స్ ఉండటం మాకు చాలా ప్రియమైన విషయం. తాను విడిచివచ్చిన పీఠానికి అతడు దూరం కాలేదు. అయితే గోడ కూలిపోయినదని అనుకోరాదు. క్లీవ్‌లాండ్ నగరంలోని వోమాక్ సోదరులు ఐదుగురు గాస్పెల్ పాడేవారు. 1962లో సామ్ సంస్థ కోసం వారు తమ కీర్తన ఒకదానిని 'లుకిన్ ఫర్ ఎ లవ్' అనే ప్రేమగీతంగా మార్చి పాడగా, తండ్రి వారిని ఇల్లు విడిచి పొమ్మన్నాడు. సామ్ తండ్రి చూపిన ఔదార్యం అందరు తండ్రులకు లేదు. ఇట్లా ఇండ్లు విడిచివచ్చిన గొంతులతోనే సోల్ అనబడే సంగీతం ఏర్పడినది. 1957లో సామ్‌ను ఎవరూ సోల్ గాయకుడనలేదు. బిల్‌బోర్డ్ తన పట్టికకు ఆ పేరు పెట్టినది 1969లో.

పాట చేరిన ఇండ్లలోనికి పాడినవాడు చేరటం మాత్రం మరొక కథ. 1963 అక్టోబరులో లూయిసియానా రాష్ట్రంలోని ష్రీవ్‌పోర్ట్ పట్టణంలో ముందుగా గది కుదుర్చుకున్న బసలోనే అతనికి చోటు లేదన్నారు. వాదించినందుకు పోలీసులు పట్టుకున్నారు. దేశమంతా తన ప్రేమగీతాన్ని కూనిరాగం తీసి ఆరేండ్లయినది. మరి మూడు నెలలకు, 1964 జనవరిలో, 'ఎ చేంజ్ ఈజ్ గొన్నా కమ్' రికార్డు చేసినాడు. అది వేరొక వ్యాసానికి తగిన పాట. దానిలో గాస్పెల్ గొంతు ఇక దాగలేదు, మెల్లగా చెవిలో చెప్పనూ లేదు. అది విడి రికార్డుగా బజారుకు వచ్చేనాటికి సామ్ లేడు. 1964 డిసెంబరు 11న లాస్ ఏంజెలెస్‌లోని ఒక మోటెల్‌లో తుపాకి గుండు తగిలి మరణించినాడు. వయస్సు ముప్పదిమూడు.

డెట్రాయిట్ నగరంలో ప్రఖ్యాత బోధకుడు సి. ఎల్. ఫ్రాంక్లిన్ కుమార్తె అరీథా చిన్ననాట తండ్రి మందిరంలో గాస్పెల్ పాడేది. సామ్ కుక్ వారి ఇంటికి వచ్చిపోయే అతిథి. అతడు దాటిన గోడను తానూ దాటి, 1960లో లౌకిక గీతాలు పాడటం మొదలుపెట్టినది. 1968లో 'యూ సెండ్ మీ'ని తన తీరులో పాడి రికార్డు చేసినది. ప్లేటుకు ముందు ప్రక్క 'థింక్' అనే ఉద్ధృతమైన పాట ఉన్నది. సామ్ పాటను ఈసారి కూడా వెనుక ప్రక్కనే పెట్టినారు.